తర్వాతి బాండ్ సినిమాకి డైరెక్టర్ ఎవరు? మీ అంచనా, దాని వెనక కారణం చెప్పండి

గన్‌బ్యారెల్ | 27 మార్చి 2025, రాత్రి 9:14

చివరి బాండ్ సినిమా నో టైమ్ టు డై వచ్చి మూడున్నరేళ్లు కావస్తోంది. ఇన్నాళ్లూ బాండ్ నిర్మాతలుగా ఉన్న బార్బరా బ్రోకలీ, మైకేల్ విల్సన్ ఫిబ్రవరిలో క్రియేటివ్ కంట్రోల్ మొత్తం అమెజాన్ ఎంజీఎం స్టూడియో చేతికి ఇచ్చేశారు. ఈ వారం నిర్మాతలుగా ఏమీ పాస్కల్, డేవిడ్ హేమన్ పేర్లు బయటికొచ్చాయి. హీరో ఎవరన్న గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అది అక్కడే నడవనివ్వండి. ఇక్కడ డైరెక్టర్ గురించే మాట్లాడుకుందాం. పేరొక్కటి పడేసి వెళ్లిపోవద్దు, ఎందుకో కూడా రాయండి.

ముందు నా మాట చెప్తాను. అందరూ పెద్ద పేరు కావాలంటున్నారు. నాకు ఈసారి కావలసింది వేరు. ఒక కొత్త మొహాన్ని తెచ్చి, ఇతనే బాండ్ అని మొదటి పది నిమిషాల్లో జనం చేత ఒప్పించగలిగే డైరెక్టర్ కావాలి. సిరీస్ మొత్తంలో ఈ పని ఆరుసార్లే జరిగింది. షాన్ కానరీని టెరెన్స్ యంగ్, లాజెన్‌బీని పీటర్ హంట్, రోజర్ మూర్‌ని గై హామిల్టన్, డాల్టన్‌ని జాన్ గ్లెన్ తెరమీదికి తెచ్చారు. బ్రాస్నన్‌నీ క్రెయిగ్‌నీ ఇద్దరినీ తెచ్చింది మార్టిన్ క్యాంప్‌బెల్.

మొదటి బాండ్ సినిమా డాక్టర్ నోలో ఆ కసీనో సీన్ ఒక్కసారి మళ్లీ చూడండి. బాండ్ మొహం వెంటనే చూపించరు. పేకముక్కలు తీసే చేతులు, భుజం, వెనక నుంచి తల, అంతే. ఎదురుగా సిల్వియా ట్రెంచ్ ఓడిపోతూ ఇంకో వెయ్యి కావాలంటుంది. మీ ధైర్యం మెచ్చుకోవాలి అంటూ అతను పేరడిగితే, ముందు ఇంటిపేరు చెప్పి, తర్వాత పూర్తి పేరు చెప్పేది ఆమె. తిరిగి ఆమె అతని పేరడుగుతుంది. అప్పుడు, సిగరెట్ వెలిగిస్తూ, మొదటిసారి మొహం. ఆమె చెప్పిన పద్ధతిలోనే అతనూ పేరు చెప్తాడు. ఆ రోజుకి కానరీ ఎవరో ప్రపంచానికి పెద్దగా తెలియదు. ఆ సీన్ అయ్యేసరికి అతను స్టార్. అది యంగ్ పనితనం. నాకు కావలసింది అలాంటి చెయ్యి.

మొదటిఆట | 27 మార్చి 2025, రాత్రి 9:40

ఇందులో ఆలోచించడానికి ఏముంది బ్రో, క్రిస్టఫర్ నోలన్. బాండ్ తియ్యాలని ఉందని ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. పాత బాండ్ సినిమాల్లో ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్ ఆయనకి చాలా ఇష్టం. ఇన్సెప్షన్‌లో మంచుకొండ మీది కోట సీక్వెన్స్ దాని ప్రేమతో తీసిందే. టెనెట్ అయితే పేరు మార్చిన బాండ్ సినిమాలాగే ఉంటుంది. ఓపెన్‌హైమర్ తర్వాత ఆయన పేరు పోస్టర్ మీద పడితే హీరో ఎవరైనా థియేటర్లు నిండుతాయి. కొత్త బాండ్‌ని ఒప్పించడం అంటున్నారు కదా, డైరెక్టర్ పేరే ఒప్పిస్తుంది.

నిశాచరి | 27 మార్చి 2025, రాత్రి 10:05

నోలన్ అంటే నాకూ ప్రాణమే. కానీ జరగదు. ఒకటి, ఆయన ఇప్పుడు ద ఒడిస్సీ పనిలో ఉన్నాడు, అది 2026 జూలైలో వస్తుంది, అదీ యూనివర్సల్‌కి. రెండోది ఇంకా ముఖ్యం. నోలన్ సినిమా అంటే నోలన్, ఆయన భార్య ఎమ్మా థామస్ సొంత సంస్థ సినిమా. కథ, ఎడిటింగ్, చివరి కట్, అన్నీ ఆయనవే. ఎంజీఎంని కొనడానికి 845 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి, ఆ తర్వాత బాండ్ మీద పూర్తి హక్కు కోసం మూడేళ్లు ఎదురుచూసిన కంపెనీ, అది చేతికొచ్చిన నెలలోనే ఇంకొకరికి రాసిచ్చేస్తుందా?

ఇంకో సంగతి. నోలన్ హీరోలు ఎప్పుడూ ఏదో ఒక భారం మోస్తుంటారు, పోయిన భార్య, పోయిన పిల్లలు, పోయిన కాలం. క్రెయిగ్ అయిదు సినిమాలూ ఆ బరువు మోసి దిగిపోయాడు. మళ్లీ అదేనా?

పాతరీలు | 28 మార్చి 2025, ఉదయం 6:52

పిల్లలూ, ఒక విషయం గుర్తు పెట్టుకోండి. బ్రోకలీ ఇంట్లో డైరెక్టర్ ఎప్పుడూ రాజు కాడు. 1961లో ఆల్బర్ట్ బ్రోకలీ, హ్యారీ సాల్ట్‌జ్‌మన్ కలిసి ఈయాన్ అనే నిర్మాణ సంస్థ పెట్టినప్పటి నుంచీ నిర్మాతే సినిమాకి యజమాని. డైరెక్టర్లని చాలాసార్లు లోపలి నుంచే తయారుచేసుకున్నారు. పీటర్ హంట్ మొదటి సినిమాల ఎడిటర్. జాన్ గ్లెన్ కూడా ఎడిటింగ్ గదిలోంచి, రెండో యూనిట్‌లోంచి (స్టంట్లు, యాక్షన్ షాట్లు విడిగా తీసే బృందం) వచ్చినవాడే. ద స్పై హూ లవ్డ్ మీ మొదట్లో స్కీయింగ్ చేస్తూ కొండ అంచు దాటి గాల్లోకి దూకే షాట్ ఉందే, కెనడాలో బాఫిన్ దీవికి వెళ్లి దాన్ని తీయించుకొచ్చింది గ్లెనే. దూకింది రిక్ సిల్వెస్టర్. నాలుగేళ్ల తర్వాత గ్లెన్‌కి డైరెక్టర్ కుర్చీ దక్కింది. వరసగా అయిదు సినిమాలు తీశాడు, 1981 నుంచి 1989 దాకా. ఈ సిరీస్‌లో అన్ని తీసినవాడు ఇంకొకడు లేడు.

మరి స్పీల్‌బర్గ్ వచ్చి నాకు బాండ్ ఇవ్వండి అంటే కాదన్నారు. ఆయన వెళ్లి జార్జ్ లూకాస్‌తో కలిసి ఇండియానా జోన్స్ తీశాడు. ఆ తర్వాత అదే ఇండియానా జోన్స్‌కి తండ్రిగా కానరీని పెట్టుకున్నాడు. టరంటినో కసీనో రాయల్ తీస్తానన్నాడు, అదీ జరగలేదు. ఇప్పుడా ఇల్లు చేతులు మారింది. కాబట్టి పాత లెక్కలు ఏవీ పనిచేయకపోవచ్చు. నన్నడిగితే భయమూ ఉంది, ఆశా ఉంది.

వెన్నెల_ఫ్రేమ్ | 28 మార్చి 2025, ఉదయం 8:20

పాతరీలు గారూ, స్కీ జంప్ వెనక గ్లెన్ ఉన్నాడని నాకు తెలియదు, థాంక్సండీ.

ఇన్ని పేర్లలో ఒక్క మహిళ పేరైనా ఎవరూ రాయలేదు. ఇరవై అయిదు సినిమాల్లో ఒక్కటి కూడా మహిళ డైరెక్ట్ చెయ్యలేదు. నా ఓటు సుసానే బియర్‌కి. 2016లో జాన్ లె కారే నవల ఆధారంగా ద నైట్ మేనేజర్ సిరీస్ మొత్తం ఆమే తీసింది. మనిషి బట్టలు, నడక, హోటల్ లాబీలో నిలబడే తీరు, అవతలివాణ్ణి నవ్వుతూనే కొలిచే చూపు, వీటన్నిటితో గూఢచారిని కట్టడం ఆమెకి తెలుసు. గన్‌బ్యారెల్ గారు చెప్పిన కసీనో సీన్ లాంటి పని అదే కదా.

లేదా క్యాథరిన్ బిగెలో. జీరో డార్క్ థర్టీ ఆఖర్లో ఆ ఇంటి మీద దాడి చూశారా? దాదాపు చీకట్లోనే నడుస్తుంది. హీరోయిజం లేదు, కేకలు లేవు, ఒక్కో తలుపు ఒక్కో తలుపుగా లోపలికి వెళ్తారు. అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం.

క్యూబ్రాంచ్ | 28 మార్చి 2025, మధ్యాహ్నం 1:33

మంచి పేర్లు. కానీ మీరంతా వదిలేస్తున్న విషయం ఒకటుంది: రెండో యూనిట్. బాండ్ యాక్షన్‌లో పెద్ద భాగం తీసేది మెయిన్ డైరెక్టర్ కాదు. ఆయనకీ రెండో యూనిట్ డైరెక్టర్‌కీ, ఎడిటర్‌కీ మధ్య పొత్తు కుదరాలి. అది కుదరకపోతే ఎంత గొప్పవాడైనా మునుగుతాడు.

రుజువు కావాలంటే పక్కపక్కన ఉన్న రెండు సినిమాలే చూడండి. కసీనో రాయల్‌లో క్రేన్ ఛేజ్. బాండ్ తరుముతున్న సెబాస్టియన్ ఫూకాన్ గోడ పైభాగంలో చిన్న సందులోంచి పిల్లిలా జారిపోతాడు. బాండ్ వెనకే వచ్చి ఆ గోడనే పగలగొట్టుకుని అవతలికి వస్తాడు. ఒక్క షాట్‌లో ఈ కొత్త బాండ్ ఎలాంటివాడో తెలిసిపోయింది: మొరటు, మొండి, ఇంకా సాన పట్టనివాడు. ఎవడు ఎక్కడున్నాడు, ఎంత ఎత్తులో ఉన్నాడు, ఎటు పోతున్నాడు, ప్రతి క్షణం మనకి తెలుస్తూనే ఉంటుంది. రెండో యూనిట్ అలెగ్జాండర్ విట్, ఎడిటర్ స్టువర్ట్ బెయిర్డ్. ఆ సినిమాలోనే ఆస్టన్ మార్టిన్ ఏడు పల్టీలు కొట్టి రికార్డులకెక్కింది.

రెండేళ్లకి క్వాంటమ్ ఆఫ్ సొలేస్. మార్క్ ఫోర్‌స్టర్ మంచి డైరెక్టర్, అనుమానం లేదు. రెండో యూనిట్‌కి బోర్న్ అనే ఇంకో స్పై సిరీస్ సినిమాల డాన్ బ్రాడ్లీని తెచ్చారు, ఎడిటింగ్ టీమ్‌లోనూ బోర్న్ మనిషి చేరాడు. మొదటి కార్ ఛేజ్‌లో ఏ కారు ఎవరిదో పట్టుకోవడానికే కళ్లు అలసిపోతాయి. పైగా రచయితల సమ్మె. సెట్లో క్రెయిగే కూర్చుని సీన్లు రాయాల్సి వచ్చింది. తప్పంతా ఫోర్‌స్టర్‌దే అంటే నేనొప్పుకోను. కానీ చెప్పొచ్చేదేంటంటే, డైరెక్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న "యాక్షన్ ఎవరితో తీస్తావు?" అని.

మొదటిఆట | 28 మార్చి 2025, రాత్రి 8:47

క్యూబ్రాంచ్, నువ్వు చెప్పిన దానికి జవాబు కూడా నోలనే. ఆయన రెండో యూనిట్‌కి పని అప్పగించడు, అన్నీ తనే తీస్తాడు. అందుకే ఆయన సినిమాలో యాక్షన్ సీన్‌కీ మాటల సీన్‌కీ మధ్య అతుకు కనిపించదు.

నిశాచరి | 28 మార్చి 2025, రాత్రి 9:02

కనిపించదు, నిజమే. 2026 దాకా ఆయన కూడా కనిపించడు.

గన్‌బ్యారెల్ | 30 మార్చి 2025, ఉదయం 10:11

రెండు రోజులుగా నిర్మాతల వైపు నుంచి ఆలోచిస్తున్నాను. పాస్కల్‌కి బాండ్ కొత్త కాదు. కసీనో రాయల్ నుంచి ఆ సినిమాలని సోనీ విడుదల చేస్తున్న రోజుల్లో స్టూడియోని నడిపింది ఆమే. హేమన్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంది. హ్యారీ పాటర్ ఎనిమిది సినిమాలు, నలుగురు డైరెక్టర్లు. మొదటి రెండూ క్రిస్ కొలంబస్‌తో క్షేమంగా తీయించి, మూడోది అల్ఫోన్సో క్వారోన్‌కి ఇచ్చాడు. అప్పటికి అది చాలా ధైర్యమైన ఎంపిక. ఆ మూడో సినిమాతో సిరీస్ రంగే మారిపోయింది. తర్వాత ఇద్దరూ గ్రావిటీకి మళ్లీ కలిశారు.

అందుకే నా పందెం క్వారోన్. చిల్డ్రన్ ఆఫ్ మెన్‌లో కారు మీద దాడి గుర్తుందా? కారులో అయిదుగురు, నవ్వుకుంటూ పింగ్‌పాంగ్ బంతితో ఆట. అడవిలోంచి మంటల్లో ఉన్న కారొకటి రోడ్డుకి అడ్డంగా వస్తుంది. దాడి జరుగుతున్నంతసేపూ కెమెరా కారులోంచి బయటికి రాదు, కట్ పడినట్టే అనిపించదు. ముందు సీట్లో, వెనక సీట్లో ఎవరి మొహంలో ఏం మారిందో అన్నీ అక్కడే చూస్తాం. అలాంటి సీన్ ఒక్కటి, కొత్త బాండ్ డ్రైవింగ్ సీట్లో ఉండగా పడితే? ఆ నటుడు దాచుకోవడానికి చోటుండదు. ఒప్పుకుంటే ఆ ఒక్క సీన్‌తోనే ఒప్పుకుంటాం.

పాతరీలు | 30 మార్చి 2025, ఉదయం 11:30

హేమన్ గురించి బాగా చెప్పావు నాయనా. అయితే ఒకటి గమనించు. పాటర్‌లో క్వారోన్ మూడో సినిమాకి వచ్చాడు, మొదటిదానికి కాదు. హేమన్ ముందు పునాది వేయించి, తర్వాతే ధైర్యం చేశాడు. ఇప్పుడు మనకి కావలసింది పునాది. ఆ లెక్కన మళ్లీ క్యాంప్‌బెల్ లాంటి పనిమంతుడే వస్తాడేమో.

ఎడిటింగ్‌టేబుల్ | 11 మే 2025, సాయంత్రం 5:25

ఈ థ్రెడ్ మొత్తం చదివాను, చాలా బాగుంది. ఇన్ని పోస్టుల్లో డెని విల్నవ్ పేరు ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యం. 25వ సినిమా టైమ్‌లోనే ఆయన పేరు వినిపించింది, అప్పుడు డ్యూన్ చేతిలో ఉంది. బాండ్ తియ్యాలన్న కోరిక ఆయన దాచుకోలేదు కూడా.

సికారియోలో కాన్వాయ్ సీన్ నా లెక్కలో ఈ శతాబ్దపు గొప్ప యాక్షన్ సీన్లలో ఒకటి. చిత్రం ఏమిటంటే అందులో యాక్షన్ కొన్ని సెకన్లే. నల్ల బళ్లు వరసగా సరిహద్దు దాటి మెక్సికోలోని హ్వారెజ్‌లోకి వెళ్తాయి, ఖైదీని ఎక్కించుకుని తిరిగొస్తాయి. వంతెన మీద ట్రాఫిక్ ఆగిపోతుంది. అంతే, కదలవు. పక్క వరసలో ఒక ఎర్ర కారు. అందులో మనుషులు. ఎవడి చెయ్యి కిందికి పోతోంది? ఎవడు అద్దం దించుతున్నాడు? ఎమిలీ బ్లంట్ వెనక సీట్లోంచి చూస్తుంటుంది, ఆమెకి తెలిసినంతే మనకీ తెలుసు. తుపాకులు పేలేసరికి అంతా అయిపోతుంది. కట్స్ లెక్కపెట్టి చూడండి, చాలా తక్కువ. ఎక్కడ ఎవరున్నారో ముందే ఓపిగ్గా చూపించాడు కాబట్టి ఆ కొద్ది సెకన్లలో ఒక్క క్షణం కూడా తికమక ఉండదు. క్యూబ్రాంచ్ గారు కసీనో రాయల్ గురించి చెప్పింది ఇదే కదా?

ఇంకోటి. సికారియో, స్కైఫాల్ రెండిటికీ కెమెరా రోజర్ డీకిన్స్. స్కైఫాల్‌లో షాంఘై భవనంలో నీలి వెలుగు ముందు రెండు నల్లటి నీడలు కొట్టుకోవడం, సికారియోలో చీకటి పడే వేళ సైనికులు ఆకాశం అంచున నీడల్లా నడిచి నేలలోకి దిగిపోవడం. ఆ రెండు దృశ్యాలూ ఒకే కంటివి.

వెన్నెల_ఫ్రేమ్ | 11 మే 2025, రాత్రి 7:58

అబ్బ, ఎంత బాగా రాశారండీ. మీ పోస్టు చదివి ఆ సీన్ మళ్లీ చూశాను. అద్దంలో ఆ పోలీసు కనిపించే క్షణం మర్చిపోయాను, మళ్లీ ఉలిక్కిపడ్డాను.

కానీ ఒక అభ్యంతరం. విల్నవ్ సినిమాల్లో ఎవరైనా నవ్వుతారా? ప్రిజనర్స్, సికారియో, అరైవల్, బ్లేడ్ రన్నర్ 2049. అన్నీ గొప్పవే, అన్నీ ఊపిరాడనివ్వనివే. బాండ్‌లో ఒక ఉల్లాసం ఉండాలి. చావు అంచున నిలబడి కూడా టై సరిచేసుకునే మనిషి అతను. ఆ ఉల్లాసం లేకపోతే అది మంచి స్పై సినిమా అవుతుంది, బాండ్ అవదు.

క్యూబ్రాంచ్ | 11 మే 2025, రాత్రి 9:15

వెన్నెల గారి మాటకి నా పూర్తి మద్దతు. నవ్వు కావాలంటే ఎడ్గర్ రైట్ ఉన్నాడు. బేబీ డ్రైవర్‌లో ఛేజులు పాట తాళానికి కట్ చేశాడు, అయినా దారి ఎక్కడా తప్పలేదు. పాల్ కింగ్ కూడా ఉన్నాడు, హేమన్‌తో ప్యాడింగ్టన్ తీసినవాడు. పిల్లల సినిమా అని తీసిపారేయకండి. ప్యాడింగ్టన్ 2లో హ్యూ గ్రాంట్ విలన్‌ని చూడండి: సరదాగా, ఆడంబరంగా, నిజంగా ప్రమాదకరంగా ఉంటాడు. బాండ్ విలన్ అచ్చం అలాగే ఉండాలి.

నిశాచరి | 12 మే 2025, ఉదయం 7:40

నేను ఎడ్వర్డ్ బెర్గర్ వైపు. కాంక్లేవ్ మొత్తం మూసిన గదులు, గుసగుసలు, ఎవరి మాట నమ్మాలో తెలియని పరిస్థితి. గూఢచారి కథకి ఇంతకన్నా ఏం కావాలి? ఆల్ క్వైట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్‌తో పెద్ద స్థాయి కూడా మొయ్యగలడని చూపించాడు. అందులో యుద్ధం ఒక్క క్షణం కూడా అందంగా కనిపించదు.

విల్నవ్ విషయంలో నాకున్న బెంగ నవ్వు గురించి కాదు, కాలం గురించి. ఆయన ఇప్పుడు మూడో డ్యూన్ మొదలుపెట్టబోతున్నాడు. ఇంకెంతకాలం ఆగాలి? లైసెన్స్ టు కిల్‌కీ గోల్డెన్ ఐకీ మధ్య ఆరేళ్ల ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో బాండ్ పని అయిపోయింది అన్నవాళ్లే ఎక్కువ.

పాతరీలు | 12 మే 2025, ఉదయం 9:05

ఆ ఆరేళ్లూ నాకు బాగా గుర్తు. కోర్టు వ్యవహారాలు, స్టూడియో చేతులు మారడం, డాల్టన్ తప్పుకోవడం. చివరికి గోల్డెన్ ఐ వచ్చి, ఆనకట్ట మీదినుంచి మనిషి దూకాడు. స్విట్జర్లాండ్‌లో నిజమైన ఆనకట్ట, 220 మీటర్ల ఎత్తు, నిజంగానే దూకారు. ఆ దూకడం పూర్తయ్యేలోపు మాటల్లేవు, బ్రాస్నన్ మొహం సరిగ్గా కనిపించదు. థియేటర్లో అందరికీ తెలిసిపోయింది, బాండ్ తిరిగొచ్చాడని. ఆలస్యం వల్ల బాండ్‌కి ఏమీ కాదు. సరైన మనిషి కోసమైతే ఆగుదాం. స్కైఫాల్ కూడా ఎంజీఎం దివాలా వల్ల ఆగి ఆగి వచ్చిందే. వంద కోట్ల డాలర్లు దాటిన మొదటి బాండ్ అదే అయింది.

గన్‌బ్యారెల్ | 26 జూన్ 2025, ఉదయం 6:10

అధికారికంగా వచ్చేసింది! డెని విల్నవ్!

చిన్నప్పుడు నాన్నతో కలిసి డాక్టర్ నో నుంచి బాండ్ సినిమాలు చూస్తూ పెరిగానని, బాండ్ తనకి పవిత్రమైన చోటు లాంటిదని, సంప్రదాయాన్ని గౌరవిస్తూనే ముందు సినిమాలకి దారి తెరుస్తానని అన్నాడు. ఆయన భార్య తాన్యా లపాంట్ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. పాస్కల్, హేమన్ నిర్మాతలు. ఎడిటింగ్‌టేబుల్ గారూ, ఎక్కడున్నారు?

ఎడిటింగ్‌టేబుల్ | 26 జూన్ 2025, ఉదయం 6:31

ఇక్కడే ఉన్నాను! రాత్రంతా నిద్ర లేదు. డాక్టర్ నో అన్నాడు చూశారా? గోల్డ్‌ఫింగర్ అనలేదు, స్కైఫాల్ అనలేదు. అందరికన్నా ముందు వచ్చిన సినిమా పేరు చెప్పాడు. అందులో గ్యాడ్జెట్లు లేవనే చెప్పాలి. ఒక మనిషి హోటల్ గదిలో అల్మారా తలుపుకి తన వెంట్రుక అంటించి, తిరిగొచ్చాక అది ఉందో లేదో చూసుకుంటాడు. మాట లేకుండా, తొందర లేకుండా, ఒక గూఢచారి తన పని తాను చేసుకోవడం. విల్నవ్ చేతిలో ఆ ఒక్క సీన్ ఎలా ఉంటుందో ఊహించండి.

మొదటిఆట | 26 జూన్ 2025, ఉదయం 7:55

నోలన్ రానందుకు బాధగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ మిగతా అందరిలో నేను టికెట్ కోసం లైన్లో నిలబడేది విల్నవ్‌కే. ఇంకొకరు కట్టిన లోకాన్ని తీసుకుని పాడుచెయ్యకుండా పెద్దది చెయ్యడం ఆయనకి వచ్చు. బ్లేడ్ రన్నర్ 2049కి వసూళ్లు ఆశించినంత రాకపోయినా, మొదటి సినిమాని గుండెల్లో పెట్టుకున్నవాళ్లు కూడా దాన్ని తిట్టలేకపోయారు.

నిశాచరి | 26 జూన్ 2025, ఉదయం 8:20

సంతోషమే. కానీ డ్యూన్ మూడో భాగం 2026 డిసెంబర్‌లో. బాండ్ దాని తర్వాతే. హీరో ఎంపిక, కథ, షూటింగ్ అన్నీ అయ్యేసరికి 2028 లోపు చూస్తామని నాకు నమ్మకం లేదు. ఈలోపు ఎవరో ఒకరు టీవీ సిరీస్ తీద్దాం, ఇంకేదో తీద్దాం అని తొందరపడకుండా ఉంటే చాలు.

వెన్నెల_ఫ్రేమ్ | 26 జూన్ 2025, రాత్రి 9:48

నా అభ్యంతరం అలాగే ఉంది, కానీ ఆశ కూడా మొదలైంది. డ్యూన్ రెండో భాగంలో హవియెర్ బార్డెమ్ పాత్ర గుర్తుచేసుకోండి. ప్రతిదానికీ ఇది భవిష్యవాణి ప్రకారమే అని పొంగిపోతుంటే థియేటర్లో జనం నవ్వారు. కథ నడిచేకొద్దీ అదే నమ్మకం భయపెడుతుంది. అంటే నవ్వించడం రాక కాదు, నవ్వుని ఎక్కడ వాడాలో ఆయన లెక్క ఆయనకుంది. స్కైఫాల్‌లో బార్డెమ్ విలన్ సిల్వాగా చేసినది కూడా అదే జాతి. ఇప్పుడు రాసేది ఎవరన్నదే ప్రశ్న. ఆ ఉల్లాసం పేజీలో ఉంటే విల్నవ్ దాన్ని వదులుకోడు.

గన్‌బ్యారెల్ | 1 ఆగస్టు 2025, ఉదయం 7:02

వెన్నెల గారికి జవాబొచ్చింది. స్క్రిప్ట్ స్టీవెన్ నైట్. పీకీ బ్లైండర్స్ సృష్టికర్త. ఈస్టర్న్ ప్రామిసెస్ కూడా ఆయన రాసిందే.

వెన్నెల_ఫ్రేమ్ | 1 ఆగస్టు 2025, ఉదయం 8:16

ఓహ్. అయితే మాటల్లో పదును ఉంటుంది, అందులో అనుమానం లేదు. సూటు వేసుకున్న మనిషి గదిలోకి అడుగుపెడితే గాలి మారడం ఎలా రాయాలో నైట్‌కి బాగా తెలుసు. ఉల్లాసం సంగతే చూడాలి. పీకీ బ్లైండర్స్ హీరో షెల్బీ నవ్వితే మనకి వణుకు పుడుతుంది, బాండ్ నవ్వితే మనం కూడా నవ్వాలి.

క్యూబ్రాంచ్ | 1 ఆగస్టు 2025, మధ్యాహ్నం 2:40

నా పాత ప్రశ్న మాత్రం అలాగే ఉంది. యాక్షన్ ఎవరితో తీస్తాడు? అలెగ్జాండర్ విట్ లాంటి మనిషిని మళ్లీ తెస్తారా, డ్యూన్ బృందాన్నే తీసుకొస్తాడా? కాన్వాయ్ సీన్ లాంటి నిశ్శబ్దం ఆయన సొంతం, ఒప్పుకుంటాను. కానీ బాండ్ సినిమాలో ఒక్కసారైనా బండి పల్టీ కొట్టాలి, ఒక మనిషి నిజమైన ఎత్తు నుంచి దూకాలి. కంప్యూటర్‌తో చేస్తే సహించను.

ఎడిటింగ్‌టేబుల్ | 1 ఆగస్టు 2025, రాత్రి 9:33

రెండో యూనిట్ సంగతి సరే, నేను ఎదురుచూసేది జో వాకర్ పేరు కోసం. సికారియో, అరైవల్, బ్లేడ్ రన్నర్, రెండు డ్యూన్‌లు, అన్నీ ఆయనే ఎడిట్ చేశాడు. మొదటి డ్యూన్‌కి ఆస్కార్ వచ్చింది. పాతరీలు గారు మార్చిలో అన్నారు కదా, పీటర్ హంట్ మొదటి సినిమాల ఎడిటర్ అని. ఫ్రమ్ రష్యా విత్ లవ్‌లో రైలు పెట్టె ఫైట్ చూడండి. విలన్‌గా రాబర్ట్ షా, కానరీ, ఇరుకైన పెట్టె, నీలి దీపం. అప్పటి సినిమాల్లో ఫైట్ అంటే దూరం నుంచి చూసే వ్యవహారం. హంట్ మధ్యలో ఫ్రేములు ఎగరగొట్టి, దెబ్బ తగిలే క్షణాన్నే పట్టుకుని, మనల్ని ఆ పెట్టెలోకి నెట్టేశాడు. వాకర్ దానికి పూర్తిగా ఎదురు దారి, కట్ చెయ్యకుండా ఆగగలిగినంత సేపు ఆగుతాడు. రైలు పెట్టె లాంటి చోట ఆ పద్ధతి పనిచేస్తుందా, లేదా? పాతరీలు గారూ, మీరేమంటారు?

పాతరీలు | 2 ఆగస్టు 2025, ఉదయం 6:20

పనిచేస్తుంది, కానీ ఫైట్‌లో కాదు, ఫైట్‌కి ముందు. ఆ సీన్ మళ్లీ చూడు. దెబ్బలు మొదలయ్యే ముందు షా తుపాకీ పట్టుకుని కూర్చుంటాడు, కానరీ మోకాళ్ల మీద ఉంటాడు, చాలాసేపు మాటలే. హంట్ అక్కడ తొందరపడలేదు. సిగరెట్ అడగడం, కాదనడం, డబ్బు ఆశ చూపించడం, పెట్టెలో బంగారు నాణాలున్నాయనడం, అన్నీ నిదానంగా నడిపించాడు. ఆ నిదానం విల్నవ్, వాకర్‌ల సొత్తు. పెట్టె మూత తెరుచుకుని పొగ చిమ్మాక మాత్రం వాకర్ తన అలవాటు మార్చుకోవాలి. అక్కడ ఆగితే దెబ్బ బరువు పోతుంది. క్యూబ్రాంచ్ అడిగిన రెండో యూనిట్ మనిషి అవసరం కూడా సరిగ్గా అక్కడే.